యావజ్జీవ పాలసీపై బోనసు: లెక్క తెలిసికొందము

తెనాలి ప్రాంతపు వరి రైతు గాని, బాపట్ల వైపు వ్యవసాయ కూలీ గాని, రేపల్లె తీరపు మత్స్యకారుడు గాని జీవిత బీమా చేయునప్పుడు ముందుగా వినునది ‘బోనసు’ అను మాట. అది ఏటేటా చేతికి వచ్చు సొమ్మని కొందరు, కట్టిన డబ్బుపై వడ్డీ అని కొందరు తలచుచున్నారు. రెండును పొరపాటే. పదిమందికి సలహా చెప్పవలసిన పంచాయతీ సభ్యులకు ఈ లెక్క తెలిసియుండుట అవసరమని మేము భావించుచున్నాము.

జాగ్రత్తగల రైతు తక్కువ దిగుబడినే అంచనా వేసికొని ఖర్చు నిర్ణయించుకొనును. పంట బాగుగా పండినచో మిగులు కనబడును. బీమా సంస్థయు అట్లే మరణములు, ఖర్చులు కొంత ఎక్కువగను, వడ్డీ రాబడి కొంత తక్కువగను ఉండునని ఎంచి ప్రీమియము నిర్ణయించును. అనుభవము అంతకంటె మేలుగా నున్నచో మిగులు ఏర్పడును. బీమా గణకులు సంస్థ ఆస్తులను, బాధ్యతలను లెక్కగట్టి దానిని తేల్చుదురు. లాభములలో పాలు గల పాలసీలకు దానినుండి పంచునదే బోనసు.

1925లో బందరున వెలసిన ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ వంటి సంస్థల జీవిత బీమా వ్యాపారము జాతీయమై, 1956 సెప్టెంబరు 1న జీవిత బీమా సంస్థ ఏర్పడినది. మిగులులో నూటికి 95 పాళ్ళకు తగ్గకుండ పాలసీదారులకు చెందవలెనని నాటి చట్టము విధించెను. తరువాతి సవరణలతో ఈ కనీస భాగము 90 పాళ్ళయినది.

గ్రామీణుల కొరకు తపాలా శాఖ 1995 మార్చి 24న గ్రామీణ తపాలా జీవిత బీమాను ప్రారంభించినది. అందలి యావజ్జీవ పాలసీ పేరు ‘గ్రామ సురక్ష’. 2023-24 సంవత్సరమునకు దీనిపై బోనసు వేయి రూపాయలకు 60 రూపాయలు. వేయి అనగా కట్టిన ప్రీమియము కాదు, బీమా మొత్తము. లక్ష రూపాయల పాలసీకి ఏడాదికి 6,000 రూపాయలు జమ యగును. ఇదే రేటు ఇరువది యేండ్లు సాగినదనుకొన్నచో బోనసు 1,20,000 రూపాయలు. అప్పుడు పాలసీదారు మరణించినచో నామినీకి 2,20,000 రూపాయలు చేరును. బోనసుపై మరల బోనసు లేదు.

ఇందు రెండు సంగతులు మరువరాదు. బోనసు రేటును ఎప్పటికప్పుడు ప్రకటింతురు. అది పెరుగవచ్చును, తగ్గవచ్చును. రాబోవు రేటును ఖాయమని చెప్పువారి మాట నమ్మరాదు. ఈ పథకమున అయిదేండ్లు నిండకముందే పాలసీని వదలుకొన్నవారికి బోనసు దక్కదు. కావున తాహతుకు మించిన పాలసీ తీసికొని మధ్యలో మానుటకంటె, క్రమముగా కట్టగల చిన్న పాలసీయే మేలు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచిన తీరమిది. ఇంటి యజమాని పోయినపుడు పాలసీ ఉన్న సంగతియే భార్యకు తెలియనిచో ఎంత బోనసు జమయైనను ఆమెకు అక్కరకు రాదు. నామినీ పేరు వ్రాయించినారా, పాలసీ కాగితము ఎక్కడ నున్నదో ఇంటివారికి చెప్పినారా అని సభ్యులు తమ వార్డులోని ప్రతి పాలసీదారును అడిగి తెలిసికొనవలెనని మేము కోరుచున్నాము.