సర్కారు వకీలు – ప్రజల కాగితము

నూజివీటి సీమలో మామిడితోట నాటినవాని ఆయుర్దాయముతో ముగియునది కాదు. తాత నాటిన చెట్టున మనుమడు కాయ కోయుట అచ్చట నిత్యానుభవము. చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి, తోతాపురి, ఏ చెట్టునకైనను వ్రేళ్లు భూమిలోనే యున్నవి. కాని తోటకు వ్రేళ్లు కాగితములో నున్నవి. పట్టా, అడంగలు, సర్వేపటము సరిగా నున్నంతకాలమే తోట రైతుది. బ్యాంకు అప్పునకును, గాలివాన నష్టపరిహారమునకును, అన్నదమ్ముల పంపకమునకును ఆ కాగితమే ఆధారము.

ఆ కాగితము నేడు కంప్యూటరులోనికి పోయినది. 2015లో 'మీభూమి' వచ్చినది. 2020 డిసెంబరులో రాష్ట్రమంతటను భూముల పునఃపరిశీలన సర్వే ఆరంభమైనది. 2022నాటి భూమిహక్కుల చట్టము 2023 అక్టోబరులో అమలునకు వచ్చి, ప్రజల యాందోళన నడుమ 2024లో రద్దయినది. ఇంతలో 2022 ఏప్రిల్ 4వ తేదీన నూజివీడు కృష్ణాజిల్లానుండి విడివడి ఏలూరుజిల్లాలో చేరినది. చెట్టు కదలలేదు, గట్టు కదలలేదు. కదలినది దస్త్రము మాత్రమే.

ఇట్టి సమయమున ఒక రైతు తన పాత అడంగలు నకలు కోరెననుకొందము. బందరులో నడిగిన ఏలూరు పొమ్మనియు, ఏలూరులో నడిగిన బందరు పొమ్మనియు చెప్పుట న్యాయమా? చట్టము ఇందుకు సమాధానము చెప్పియే యున్నది. 2005 అక్టోబరు 12నుండి అమలులో నున్న సమాచారహక్కు చట్టము 6(3)వ విభాగము ప్రకారము, కోరిన దస్త్రము వేరొక కార్యాలయమున నున్నచో, దరఖాస్తు నందుకొన్న అధికారియే అయిదు దినములలోపల దానిని అచ్చటికి పంపవలెను. తిరుగవలసినది కాగితమే కాని మనుష్యుడు కాడు. ముప్పది దినములలో సమాధాన మీయవలెను. నిష్కారణముగా జాప్యము చేసిన యధికారికి దినమునకు 250 రూపాయల వంతున 25,000 రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును.

చట్ట మింత స్పష్టముగా నుండగా చిక్కెక్కడ వచ్చుచున్నది? అధికారి 'ఈయను' అని వ్రాయునపుడు ఆయనకు సలహా చెప్పువాడెవడు? ఆ నిరాకరణమును హైకోర్టులో సమర్థించుటకు లేచి నిలుచువాడెవడు? ప్రభుత్వ న్యాయవాది. ప్రజలు సర్కారు వకీలని పిలుచు ఈతని గూర్చియే మేము నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

సామాన్యపు వకీలునకు కక్షిదారు ఎవడో తెలియును. సర్కారు వకీలునకు కక్షిదారెవరు? సంతకము చేసిన యధికారియా? ఆనాటి మంత్రివర్గమా? మా యభిప్రాయమున ఈ రెండును కావు. జీతము ప్రజాధనమునుండి వచ్చుచుండగా కక్షిదారు ప్రజయే. ఎదుట నిలిచిన రైతుకూడ ఆ ప్రజలోని వాడే. కావున ఆ రైతును ఓడించుటయే విజయమని తలచు సర్కారు వకీలు తన వృత్తి నెరుగని వాడు.

ఇది వట్టి నీతివాక్యము కాదు. సమాచారహక్కు చట్టము 19(5)వ విభాగము, సమాచారము నిరాకరించుట సబబని నిరూపించు భారమును నిరాకరించిన యధికారిమీదనే యుంచినది. ఎందుకు కావలెనని రైతును అడుగరాదు. ఎందు కీయలేదని అధికారియే చెప్పవలెను. పరాయి పాలనలో 1923లో పుట్టిన అధికార రహస్యముల చట్టము నేటికిని నిలిచియున్నది. అయినను దానికిని సమాచారహక్కునకును విరోధము వచ్చినచో సమాచారహక్కే నెగ్గునని 22వ విభాగము శాసించుచున్నది. రహస్యమే నియమము, ప్రకటనము దయాధర్మము అను పూర్వపు వాడుక తలక్రిందులైనది. కాని కొన్ని కార్యాలయములకు ఈ వార్త యింకను చేరినట్లు లేదు.

ప్రభుత్వముపై దావా వేయుటకు ముందు రెండు మాసముల నోటీసు ఈయవలెనని సివిలు ప్రొసీజరు కోడు 80వ విభాగము చెప్పుచున్నది. ఆ గడువు తప్పు దిద్దుకొనుటకే యున్నది. కాని ఆ నోటీసులకు ప్రభుత్వములు బదులే ఈయకుండుటయో, అంటీముట్టని బదులిచ్చుటయో జరుగుచున్నదని 2005లో సుప్రీముకోర్టు చింతించినది. వకీలు ఆ రెండు మాసములలోనే దస్త్రము చదివి 'మనది తప్పు, దిద్దుడు' అని వ్రాసినచో ఎన్ని వ్యాజ్యములు కోర్టుగడప త్రొక్కకయే ముగియును!

అట్లు వ్రాయుటకు స్వాతంత్ర్యము కావలెను. పార్టీ మారినప్పుడెల్ల వకీళ్లు మారునెడల ఆ స్వాతంత్ర్య మెట్లు నిలుచును? పంజాబు రాష్ట్రమునకు సంబంధించిన వ్యాజ్యమున 2016లో సుప్రీముకోర్టు, ప్రభుత్వ న్యాయవాదుల నియామకము యోగ్యత నాధారము చేసికొని పారదర్శకముగా జరుగవలెనని తీర్పు చెప్పినది. అది మనకును వర్తింపదగిన హితవు.

యోగ్యత యనగా నేడు ధర్మశాస్త్ర పరిజ్ఞానము మాత్రమే చాలదు. 2024 జులై 1నుండి అమలులో నున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ విభాగము ప్రకారము, కంప్యూటరు దస్త్రమును సాక్ష్యముగా చూపువారు ధ్రువపత్రము జతపరుపవలెను. అందొక భాగము దస్త్రమును సమర్పించువారును, రెండవభాగము నిపుణుడును వ్రాయవలెను. దస్త్రమునకు హాష్ విలువ యను సంఖ్యను గూడ అందు చూపవలెను. అది వ్రేలిముద్రవంటిది, దస్త్రములో ఒక్క యక్షరము మారినను ఆ సంఖ్య మారిపోవును. సర్వేనంబరులో ఒక అంకె ఎవరు, ఎప్పుడు మార్చిరో పట్టుకొనుటకు ఇట్టి సాధనములు తెలిసిన వకీలు కావలెను. కంప్యూటరులో నట్లున్నదని చెప్పి కూర్చుండువాడు పనికిరాడు.

మరియొక ప్రక్కనుగూడ చూడవలెను. రైతు ఆధారు నంబరు, బ్యాంకు ఖాతా, ఫోను నంబరు బజారున పడిన మోసగాండ్రకు పండుగ. వ్యక్తిగత గోప్యత ప్రాథమికహక్కని 2017లో సుప్రీముకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. దాని ననుసరించి 2023లో వ్యక్తిగత సమాచార రక్షణచట్టము వచ్చినది. కాని ఆ చట్టమే సమాచారహక్కు చట్టములోని 8(1)(జె) నిబంధనను కుదించి, వ్యక్తిగత సమాచారమన్న ఒక్కమాటతో నిరాకరించుటకు వీలు కల్పించినది. 2025 నవంబరునుండి ఈ మార్పు అమలునకు వచ్చినది. పరిహారపు పట్టికలో తోటలేనివాని పేరున్నదేమో చూతమన్నచో, అవి వ్యక్తుల పేర్లని తలుపు మూయవచ్చును. దొంగకు గోప్యత, దొరకు గోప్యత, రైతునకు మాత్రము తిరుగుడు!

అయినను దారి పూర్తిగా మూసికొనిపోలేదు. ప్రజాప్రయోజనము హానికంటె అధికమైనచో సమాచార మీయవచ్చునను 8(2)వ విభాగము నిలిచియే యున్నది. దాచదగిన భాగమును తొలగించి తక్కినది ఈయవలెనను 10వ విభాగమును కలదు. ఖాతా నంబరును కొట్టివేసి పట్టిక నిచ్చుట అసాధ్యమా? అట్లు చేయుడని అధికారికి చెప్పుటయే సర్కారు వకీలు పని.

నూజివీటిలో న్యాయస్థానములు కలవు. గ్రామీణ విద్యార్థులకొరకై 2008లో స్థాపింపబడిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణమును కలదు. ఒకచోట చట్టము, మరియొకచోట యంత్రవిద్య. ఈ రెండింటికి పరిచయము కలిగింపవలసి యున్నది. అడంగలు నెరిగిన రైతుబిడ్డ కంప్యూటరు నేర్చి, పిమ్మట న్యాయశాస్త్రము చదివి ప్రభుత్వపక్షమున నిలుచునెడల, ఆతడు ఎవరి కాగితమును కాపాడవలెనో ఆతనికి వేరుగా చెప్పనక్కరలేదు.

మామిడిచెట్టునకు పురుగు పట్టినదని కాయలు రాలినతరువాత గాని తెలియకపోవచ్చును. దస్త్రమునకు పట్టిన పురుగు తోట పోయినతరువాత గాని తెలియదు. దానిని ముందుగా చూపగలవాడు ప్రభుత్వపు ఇంటిలోనే కూర్చున్న వకీలు. ఆతడు తలుపు కావలి కాక దీపము పట్టువాడు కావలెనని మా కోరిక.