స్విచ్ వేసే ముందు... ఒక్క బల్బు!

మిర్చికి నీళ్లు ఎంత అవసరమో, ఎక్కువైతే అంత ముప్పు. ప్రత్తిపాడు చుట్టుపక్కల నల్లరేగడిలో నీళ్లు నిలిచిపోతే వేరు కుళ్లుతుంది, మొక్క వడలిపోతుంది. అందుకే ‘నేల తడి చూసి బోరు మోటారును దానంతటదే ఆపే సర్క్యూట్ చేస్తే ఎలా ఉంటుంది?’ అని మీకూ అనిపించి ఉంటుంది. మంచి ఆలోచనే. సెన్సర్, రిలే, ఈఎస్‌పీ32 బోర్డు... అన్నీ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లినా దొరుకుతాయి.

కానీ వీటన్నిటికీ అన్నం పెట్టేది మాత్రం ఒక చిన్న చిప్. దాని పేరు వోల్టేజి రెగ్యులేటర్. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 5 వోల్టులో 3.3 వోల్టులో తీసిచ్చేది అదే. అది పాడై లోపల షార్ట్ అయిందంటే 12 వోల్టులూ నేరుగా ముందుకు వెళ్లిపోతాయి. ఈఎస్‌పీ32 చిప్ తట్టుకునేది 3.6 వోల్టుల వరకే. అది కాలిపోయాక రిలే ఎటు ఉండిపోతుందో ఎవరూ చెప్పలేరు. మోటారు ఆగకపోతే నష్టపోయేది చేను. కాబట్టి బోర్డు పొలానికి వెళ్లకముందే టేబుల్ మీద పరీక్ష పాస్ అవ్వాలి.

ఎవాల్యుయేషన్ బోర్డు అంటే?

చిప్ తయారుచేసే కంపెనీలే, ఆ చిప్‌ను కావాల్సిన కెపాసిటర్లు, కాయిల్‌తో సహా ఒక బోర్డు మీద బిగించి అమ్ముతాయి. ‘ముందు ఇది వాడి చూడండి, నచ్చితే మీ డిజైన్‌లో పెట్టుకోండి’ అని. దాని మీద కరెంటు లోపలికి వెళ్లే చోట వీ-ఇన్, బయటికి వచ్చే చోట వీ-అవుట్, నెగటివ్‌కు జీఎన్‌డీ అని ఉంటుంది. ఈఎన్ అన్నది చిప్‌ను ఆన్, ఆఫ్ చేసే పిన్ను. చాలామంది కుర్రాళ్లు వాడే నీలం ట్రిమ్మర్ ఉన్న ఎల్‌ఎమ్2596 మాడ్యూల్‌కూ ఇదే పరీక్ష సరిపోతుంది.

బోర్డుతో వచ్చిన గైడ్‌లో మూడు అంకెలు ముందే కాగితం మీద రాసుకోండి. ఇన్‌పుట్ గరిష్ఠంగా ఎన్ని వోల్టులు? అవుట్‌పుట్ ఎంత? ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదు?

కరెంటు ఇవ్వకముందే

మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి వీ-ఇన్‌కూ జీఎన్‌డీకీ మధ్య చూడండి. కెపాసిటర్ చార్జ్ అవుతున్నప్పుడు ఒక్క క్షణం బీప్ వస్తే ఫర్వాలేదు. ఆగకుండా మోగిందంటే షార్ట్ ఉన్నట్టే. వీ-అవుట్ దగ్గరా ఇలాగే చూడండి. జంపర్లు గైడ్‌లో చెప్పిన చోటే ఉన్నాయా? ప్లస్, మైనస్ సరిగ్గానే ఉన్నాయా? చాలా బోర్డుల్లో వైర్లు తిరగేస్తే కాపాడే ఏర్పాటు ఉండదు. క్షణంలో పొగే.

మొదటి కరెంటు

కాలేజీ ల్యాబ్‌లో బెంచ్ పవర్ సప్లై ఉంటే అదృష్టమే. వోల్టేజి సెట్ చేసి, కరెంట్ లిమిట్‌ను 100 మిల్లీ ఆంపియర్ల దగ్గర పెట్టి, ఆ తర్వాతే బోర్డు కలపండి.

ఇంట్లో ఉన్నది బ్యాటరీయేనా? జాగ్రత్త! అది పన్నెండు వోల్టులే అయినా షార్ట్ అయితే వందల ఆంపియర్లు పారుతాయి. వైరు ఎర్రగా కాలుతుంది. చేతి ఉంగరం, కడియం తీసేయండి. ప్లస్ వైరులో ఒక ఫ్యూజు, దాని వెనక సిరీస్‌లో బైక్ ఇండికేటర్‌కు వాడే 12 వోల్టుల 10 వాట్ల బల్బు పెట్టండి. బోర్డులో షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, కరెంటు ఒక ఆంపియర్ లోపే ఆగిపోతుంది. బల్బు వెలగలేదంటే ధైర్యంగా ముందుకెళ్లొచ్చు. ఊళ్లో ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ ల్యాంపు కిటుకే ఇది.

ఇప్పుడు లోడ్ ఏమీ లేకుండా వీ-అవుట్ కొలవండి. ట్రిమ్మర్ ఉంటే 5 వోల్టులు వచ్చేదాకా తిప్పండి. కొత్త మాడ్యూల్ ఎంత వోల్టేజి మీద ఉందో చూడకుండా దానికి ఈఎస్‌పీ32 కలపొద్దు. ఇంకో మాట: మల్టీమీటర్ ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండిపోతే, వోల్టేజి కొలవబోయి మీరే షార్ట్ చేసినట్టు అవుతుంది.

లోడ్ పెట్టి చూడండి

బల్బు తీసేసి (ఫ్యూజు ఉంచి) అవుట్‌పుట్‌కు 10 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. అర ఆంపియర్ పారుతుంది. అంటే 2.5 వాట్ల వేడి. కాబట్టి కనీసం 5 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టరే తీసుకోండి. చేత్తో మాత్రం ముట్టుకోవద్దు. పావుగంట వదిలేసి మళ్లీ కొలవండి. 5 వోల్టులు పెద్దగా కదలకపోతే సరే.

మన ఎండ సంగతి?

డేటాషీట్లలోని అంకెలు ఎక్కువగా 25 డిగ్రీల గదికి రాసినవి. మన దగ్గర వేసవిలో 40 దాటుతుంది. ఎండలో మూసిన స్టార్టర్ పెట్టె లోపల ఇంకా ఎక్కువ.

లెక్క చూడండి. పాత 7805 చిప్ 12 వోల్టుల్ని 5 చేయాలంటే మిగిలిన 7 వోల్టుల్నీ వేడిగా తగలేస్తుంది. లోడ్ 0.1 ఆంపియర్ అయితే 0.7 వాట్లు. హీట్ సింక్ లేకపోతే వాట్‌కు సుమారు 65 డిగ్రీలు పెరుగుతుంది. అంటే లోపల 45 డిగ్రీలు అదనం. గదిలో 70, పొలం పెట్టెలో 100! అదే అర ఆంపియర్ అయితే వేడి 3.5 వాట్లు. హీట్ సింక్ లేకుండా కుదిరే పనే కాదు. ఎల్‌ఎమ్2596 లాంటి స్విచ్చింగ్ రెగ్యులేటర్ ఇదే పనిని దాదాపు 80 శాతం ఎఫిషియెన్సీతో చేస్తుంది. అదే అర ఆంపియర్‌కు వేడి 0.6 వాట్ల దగ్గరే.

‘12 వోల్టుల’ సోలార్ మోసం

12 వోల్టుల ప్యానెల్ అని రాసి ఉన్నా, లోడ్ లేనప్పుడు అది 21, 22 వోల్టులు ఇస్తుంది. గరిష్ఠంగా 17 వోల్టులు తట్టుకునే బోర్డును దానికి నేరుగా కలిపితే ఇక అంతే. బ్యాటరీకి పొడవాటి వైరు లాగి టక్కున కలిపినా ఒక్క క్షణం వోల్టేజి దాదాపు రెట్టింపుకు ఎగరొచ్చు. బోర్డు ఇన్‌పుట్ దగ్గరే 100 మైక్రోఫారడ్, 50 వోల్టుల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ పెడితే ఆ ఎగురుడు అణిగిపోతుంది.

చివరిగా ఒక హద్దు. ఈ పరీక్షలన్నీ బ్యాటరీ వైపే. మోటారు స్టార్టర్‌లోకి వచ్చే త్రీఫేజ్ జోలికి మాత్రం మీరు వెళ్లొద్దు. ఆ వైరింగ్ తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతనే, మెయిన్ తీయించి చేయించండి. బోర్డు కాలితే ఇంకోటి కొనుక్కోవచ్చు. ప్రాణం కొనలేం కదా!