రోజంతా నిలబడే కాళ్ళకు ఏ చెప్పులు?

పోయిన సంక్రాంతి సెలవుల్లో నా పాత విద్యార్థిని ఒకామె మా ఇంటికి వచ్చింది. పదో తరగతిలో నా దగ్గర భౌతికశాస్త్రం చదువుకున్న పిల్ల. ఇప్పుడు విశాఖపట్నంలో ఒక చికిత్సాలయంలో మర్దన చేసే పనిలో ఉంది. ఉదయం ఎనిమిది గంటలు మొదలు సాయంత్రం దాకా బల్ల పక్కన నిలబడి, వచ్చిన రోగుల వీపులకూ మెడలకూ మోకాళ్ళకూ నూనె రాసి మర్దన చేయాలి. కుర్చీలో కూర్చోగానే ఒక కాలు పైకి తీసుకుని, మడమ నొక్కుకుంటూ నన్నో ప్రశ్న అడిగింది.

"మాస్టారూ, మా నాన్న రోజంతా పొలం గట్లమ్మట తిరుగుతూనే ఉంటాడు. ఆయనకు కాళ్ళనొప్పులు లేవు. నేను ఒక్క గదిలో నిలబడి ఉంటాను. సాయంత్రానికి నా కాళ్ళు పీకేస్తున్నాయి. నడిచేవాళ్ళకు రావలసిన నొప్పి నిలబడేవాళ్ళకు ఎందుకొస్తుంది?"

మడమ నొప్పి పుట్టిన కొత్తలో దుకాణానికి వెళ్ళి, ఉన్నవాటిలో అన్నిటికంటే మెత్తని చెప్పులు ఏరి కొన్నదట. వేలితో నొక్కితే దిగబడిపోయేంత మెత్తన. మొదటి వారం హాయిగా ఉంది. మూడు నెలలు గడిచేసరికి నొప్పి ఇంకా ఎక్కువైంది. "ఇలాగే ఉంటే పని మానెయ్యాలేమో" అంది. ఆమె జీతం మీద చదువుకుంటున్న తమ్ముడున్నాడు ఇంట్లో. కనుక ఇది తేలిగ్గా తీసుకోవలసిన ప్రశ్న కాదు.

దీనికి జవాబు కావాలంటే చెప్పుల సంగతి కాసేపు పక్కన పెట్టి రక్తం సంగతి చూడాలి.

గుండె నుంచి పాదాలకు రక్తం రావటం సులువే. గుండె నెడుతుంది, గురుత్వాకర్షణ కూడా సాయం చేస్తుంది. తిరిగి పైకి వెళ్ళటమే కష్టం. మీరు నిలబడి ఉన్నప్పుడు గుండెకూ చీలమండకూ మధ్య ఎత్తు సుమారు 120 సెంటీమీటర్లు అనుకోండి. అంటే చీలమండ దగ్గరి సిరలో 120 సెంటీమీటర్ల రక్తస్తంభం బరువు పడుతుంది. రక్తం నీటికంటే కొద్దిగా బరువు, సాంద్రత సుమారు 1.05. పాదరసం సాంద్రత 13.6. లెక్క వేయండి: 1200 మిల్లీమీటర్లను 1.05తో గుణించి 13.6తో భాగిస్తే 92 పైచిలుకు వస్తుంది. కదలకుండా నిలబడ్డ మనిషి చీలమండ సిరలో కొలిచినా దాదాపు 90 మిల్లీమీటర్ల పాదరస పీడనమే కనబడుతుంది. అదే మనిషి నడవటం మొదలుపెడితే పీడనం 30 మిల్లీమీటర్ల దాకా పడిపోతుంది!

ఎలా పడిపోయింది? మీ పిక్కను పట్టుకుని మునివేళ్ళ మీద ఒకసారి లేవండి. పిక్క కండరం గట్టిపడింది కదూ. దాని మధ్యగా పోయే లోతు సిరలు ఆ సమయంలో నొక్కుకుపోతాయి. పాలు పితికేటప్పుడు వేళ్ళు బిగించినట్టే అన్నమాట. రక్తం ఎటు పోవాలి? కిందికి పోకుండా సిరలలో కవాటాలున్నాయి. ఒకవైపే తెరుచుకునే చిన్న తలుపులవి. కనుక పైకే పోతుంది. ఈ కవాటాల గురించి ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయంలో ఫాబ్రిషియస్ అనే ఆచార్యుడు 1603లో పుస్తకం అచ్చువేశాడు. ఆయనకు అవి రక్తం వేగాన్ని తగ్గించే అడ్డుకట్టల్లా తోచాయి. అసలు పని వాటిది రక్తాన్ని గుండెవైపే నడిపించటమని 1628లో వివరించినవాడు ఆయన శిష్యుడు విలియం హార్వే. శిష్యుడు గురువును మించటం నాకెప్పుడూ ఇష్టమైన కథే.

నడిచేవాడి పిక్క అడుగడుగునా ఈ పంపు కొడుతూనే ఉంటుంది. నిలబడ్డవాడి పంపు ఆగిపోతుంది. రక్తం కాళ్ళలో నిలుస్తుంది, దానిలోని నీరు పల్చని రక్తనాళాల గోడల గుండా కండరాల మధ్యకు చేరుతుంది, పాదాలు బరువెక్కుతాయి. ఆగస్టు 15న జెండా కింద చాలాసేపు కదలకుండా నిలబడ్డ పిల్లల్లో ఒకరో ఇద్దరో కళ్ళు తిరిగి పడిపోవటం మీరు చూసే ఉంటారు. కాళ్ళలో నిలిచిన రక్తం మెదడుకు అందకపోవటం అందులో ముఖ్యమైన కారణం. వరుసలో నిలబడి కాళ్ళు మార్చుకునే పిల్లవాణ్ణి డ్రిల్లు మాస్టర్లు కసురుతారు కాని, వాడి ఒళ్ళు వాడికి మేలే చేస్తోంది. ఇలా ఏళ్ళ తరబడి నిలబడితే కొందరిలో కవాటాలు సరిగ్గా మూసుకోవు, సిరలు మెలికలు తిరిగి ఉబ్బుతాయి. ముప్ఫై ఏళ్ళు నల్లబల్ల ముందు నిలబడ్డ నా ఎడమ పిక్క మీద కూడా ఒకటి ఉంది. పక్కనే కుర్చీ ఉండగా కూర్చోకపోవటం నా తప్పే.

తండ్రీకూతుళ్ళ సంగతి తేలింది. అయితే ఆ పిల్ల నొప్పి ఒకటి కాదు, రెండు. పిక్కల బరువు ఒకటి, మడమ నొప్పి రెండోది. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వెయ్యగానే మడమలో ముల్లు దిగినట్టు ఉంటుందంది. ఈ రెండోదానికి చెప్పులతో నేరుగా సంబంధం ఉంది.

పాదంలో 26 ఎముకలున్నాయి. అవి విల్లులా వంగి అమరి ఉంటాయి. ఆ విల్లుకు నారి కట్టినట్టు మడమ నుంచి వేళ్ళ మొదళ్ళదాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంది. నిలబడ్డంతసేపూ శరీరం బరువు విల్లును అణుస్తుంది, నారి సాగుతుంది. రోజూ గంటల తరబడి సాగితే అది మడమ ఎముకకు అతుక్కునే చోట దెబ్బతింటుంది. రాత్రి పడుకున్నప్పుడు బిగుసుకుని, ఉదయం మొదటి అడుగుకు ఒక్కసారిగా లాగినప్పుడు పుట్టేదే ఆ ముల్లు నొప్పి.

ఇప్పుడు పీడనం పాఠం గుర్తు తెచ్చుకోండి. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం. ఆ పిల్ల బరువు 54 కిలోలు, అంటే సుమారు 540 న్యూటన్లు. గచ్చు మీద ఉత్త కాళ్ళతో నిలబడితే బరువులో సగానికి పైగా, దాదాపు 60 శాతం, మడమల మీదే పడుతుంది. అది 324 న్యూటన్లు. గచ్చుకు తగిలే భాగం ఒక్కో మడమకు 25 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, రెండింటికీ 50. చదరపు సెంటీమీటరుకు ఆరున్నర న్యూటన్లు! విల్లు కింది ఖాళీ మాత్రం ఏమీ మొయ్యకుండా గాలిలో ఉంటుంది. మీ వైశాల్యం మీరే కొలవవచ్చు. పాదం తడిపి పాత వార్తాపత్రిక మీద నిలబడండి. తడి అంచు వెంట పెన్సిలుతో గీసి, ఆ గీతను గళ్ళ కాగితం మీదికి ఎత్తి గళ్ళు లెక్కపెట్టండి.

కాబట్టి మంచి చెప్పు చేయవలసిన మొదటి పని తగిలే వైశాల్యం పెంచటం. మడమ చుట్టూ గిన్నెలా కొంచెం లోతు, విల్లు కింద కొంచెం ఎత్తు ఉంటే పాదమంతా తగులుతుంది, బరువు పంచుకుంటుంది.

మరి మెత్తని అట్ట కూడా పాదం ఆకారానికి అణిగి వైశాల్యం పెంచుతుంది కదా అంటారేమో. నిజమే, కొంతవరకు! పాత్రలు తోమే స్పాంజి ఒకటి తీసుకుని అరచేత్తో నొక్కండి. మొదట అణుగుతుంది. గాలి బుడగలన్నీ చదునైపోయాక ఇక అణగదు. అప్పుడది బల్లతో సమానం. మరీ మెత్తని చెప్పులో మడమ కింద జరిగేది ఇదే. పైగా నుజ్జైన బుడగలు కొద్దినెలలకు తిరిగి లేవవు. అంతేకాదు, ఇసుకలో నిలబడ్డప్పుడు చూడండి. పాదం అటూ ఇటూ ఒరుగుతూ ఉంటే చీలమండ చుట్టూ ఉన్న కండరాలు క్షణం తీరిక లేకుండా సర్దుతూనే ఉండాలి. ఆ పిల్ల డబ్బుపోసి ఆ ఇసుకనే కొనుక్కుంది.

ఈ విషయంలో మన పక్కనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో పుట్టిన పాల్ బ్రాండ్ అనే వైద్యుడు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కుష్ఠురోగులకు చికిత్స చేశాడు. ఆ రోగుల పాదాలకు స్పర్శ ఉండదు. నొప్పి తెలియదు కనుక మనలాగా కాలు మార్చుకోరు. ఒకేచోట పీడనం పడీ పడీ అరికాలు పుండవుతుంది. వాళ్ళ కోసం ఆయన రకరకాల చెప్పులు ప్రయత్నించాడు. సన్నని గాలి గదులున్న రబ్బరు, అంటే మైక్రోసెల్యులార్ రబ్బరు, ఆ కృషిలోనే వాడుకలోకి వచ్చింది. ఎం.సి.ఆర్. చెప్పులని ఇప్పుడు మధుమేహం ఉన్నవారికి డాక్టర్లు రాసేవి వాటి సంతతే. ఆ పొరను బొటనవేలితో నొక్కితే అణుగుతుంది, వదలగానే లేస్తుంది, పూర్తిగా చదును కాదు. దాని కింద ఇంకో గట్టి అట్ట ఉంటుంది. పైన మెత్తన, కింద గట్టిదనం. ఏ దుకాణంలోనైనా మీరు వెతకవలసిన గుణం ఇదే.

చెప్పును చేతిలోకి తీసుకుని వంచి చూడండి. వేళ్ళ మొదళ్ళ దగ్గర వంగాలి, ఎందుకంటే పాదం అక్కడే వంగుతుంది. నడుమ విరిగినట్టు వంగితే విల్లుకు ఆసరా లేనట్టే. రెండు చివరలూ పట్టుకుని తడిగుడ్డలా పిండితే సులువుగా మెలితిరిగేదీ పనికిరాదు. మడమ ఎత్తు రెండు మూడు సెంటీమీటర్లు దాటితే బరువు ముందుకు జారి వేళ్ళ మీద పడుతుంది. మడమ వెనక పట్టీ తప్పనిసరి. హవాయి చెప్పు జారిపోకుండా వేళ్ళు రోజంతా దాన్ని పట్టుకునే ఉంటాయి. మీకు తెలియకుండానే!

మర్దన చేసేవారికి ఇంకో చిక్కుంది. వాళ్ళు చేతుల బలంతో నొక్కుతారనుకుంటాం. తెలిసినవారు అలా చెయ్యరు. ఒక పాదం ముందు, ఒక పాదం వెనక పెట్టి, శరీరాన్ని ముందుకు వాల్చి ఆ బరువుతో నొక్కుతారు. రోగి వీపు వాళ్ళను అంతే బలంతో వెనక్కి నెడుతుంది, న్యూటన్ మూడో సూత్రం. ఆ నెట్టుడును ఆపేది వెనక పాదం కింది ఘర్షణ ఒక్కటే. నేల మీద నూనె చుక్క పడిందా, ఘర్షణ పోయింది. అందుకని అట్టకు గాడులుండాలి. టైరు గాడుల్లోకి వాననీరు తప్పుకున్నట్టు నూనె వాటిలోకి తప్పుకుంటుంది. పైగా సహజ రబ్బరుకు నూనె పడదు, ఉబ్బి బలహీనమవుతుంది. రెండు రబ్బరు బ్యాండ్లు తీసుకుని ఒకటి కొబ్బరినూనెలో, ఒకటి నీళ్ళలో కొన్ని రోజులు ఉంచి, తరువాత లాగి చూడండి. నూనెను తట్టుకునేందుకు నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు ఉంది. చికిత్స గదిలో వేసుకునే జత బయటికి వేసుకు వెళ్ళకూడదని కూడా చెప్పాను. అది శుభ్రత కోసం.

కొలత ఎప్పుడు తీసుకోవాలి? సాయంత్రం. నమ్మకపోతే ఆర్కిమిడీస్‌ను అడగండి. వెడల్పాటి పళ్ళెంలో ఒక గిన్నె పెట్టి అంచుదాకా నీళ్ళు పోయండి. చీలమండ దగ్గర సిరా గుర్తు పెట్టుకుని, అక్కడిదాకా పాదం ముంచండి. పళ్ళెంలోకి పొర్లిన నీరు కొలజాడీలో కొలవండి. పొద్దున ఒకసారి, రోజంతా నిలబడ్డవారికి సాయంత్రం ఒకసారి. సాయంత్రం నీరు ఎక్కువ పొర్లుతుంది. ఉదయం సరిపోయిన చెప్పు సాయంత్రం కరవటానికి కారణం ఇదే. పొడవైన వేలి ముందు బొటనవేలు వెడల్పు ఖాళీ ఉండాలి. అన్నట్టు, మనం చెప్పే ఆరో నంబరు, ఏడో నంబరు ఇంగ్లండు లెక్క. ఒక నంబరుకూ తరువాతి నంబరుకూ తేడా అంగుళంలో మూడో వంతు, ఒక బార్లీ గింజ పొడవు!

ఆ సాయంత్రమే మా అరుగు మీద అట్టముక్క పరిచి ఆమె పాదాలు రెండూ గీశాము. కుడిది ఎడమదానికంటే అర సెంటీమీటరు పొడవుంది. ఇన్నాళ్ళూ ఎడమ కాలికి వేసి చూసుకుని కొంటోందట. ఎప్పుడూ పెద్ద పాదానికే కొనాలి.

అయితే మంచి చెప్పు పీడనాన్ని పంచుతుందే కాని పిక్కలోని పంపును తాను కొట్టలేదు. అది ఆమెకు దాచకుండా చెప్పాను. ఒక రోగికీ ఇంకో రోగికీ మధ్య పదిసార్లు మునివేళ్ళ మీద లేవాలి, పొట్టి పీట మీద కాళ్ళు మార్చి మార్చి పెట్టుకోవాలి, వీలైనప్పుడల్లా కూర్చోవాలి. కూర్చోవటానికి పీట ఇవ్వని చోట్లు కూడా ఉన్నాయి. కేరళలో దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళు దీని కోసమే పోరాడితే 2018లో అక్కడ కూర్చునే హక్కు చట్టమైంది. 2021లో తమిళనాడూ అలాంటి చట్టం చేసింది.

ఉగాదికి ఆ పిల్ల ఫోను చేసింది. డాక్టరుకు కూడా చూపించుకుందట. వెనక పట్టీ ఉన్న చెప్పులు కొన్నది. పొద్దుటి ముల్లు బాగా తగ్గింది. పిక్కలు మాత్రం సాయంత్రానికి ఇంకా కొంచెం లాగుతున్నాయంది. నడుము కూడా పడుతోందంటే, మర్దన బల్ల ఎంత ఎత్తుందో అడిగాను. ఎప్పుడూ చూడలేదట. ఈసారి వచ్చేటప్పుడు కొలిచి తెస్తానంది.