పేజీ కదలకుండా తలుపు తెరవడం ఎలా?

పిల్లలూ! ఏదైనా వెబ్‌సైటులో మీ పేరు, పాస్‌వర్డ్ టైపు చేసి బటను నొక్కినప్పుడు ఏం జరుగుతుందో ఎప్పుడైనా గమనించారా? కొన్నిచోట్ల పేజీ అంతా ఒక్కసారి మాయమై, మళ్లీ మొదటినుంచి వస్తుంది. ఒక్క అక్షరం తప్పినా మీరు రాసినదంతా పోతుంది. మరికొన్నిచోట్ల పేజీ కదలదు. బటను పక్కన చిన్న చక్రం తిరుగుతుంది. "వివరాలు సరిపోలేదు" అని కింద ఎర్రగా కనబడుతుంది, లేదా మీ పేరుతో లోపలి భాగం తెరుచుకుంటుంది.

ఈ రెండింటికీ తేడా నల్లబల్ల మీద చూపవచ్చు. లెక్కలో ఒక అంకె తప్పు పడిందనుకోండి. బల్లంతా తుడిచి లెక్కంతా మళ్లీ రాయడం ఒక పద్ధతి. ఆ అంకెను మాత్రం వేలితో చెరిపి దిద్దడం రెండో పద్ధతి. వెబ్ పేజీలు చాలాకాలం మొదటి పద్ధతిలోనే నడిచాయి. 1999లో మైక్రోసాఫ్ట్ తన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5లో ఒక సదుపాయం పెట్టింది. దానితో, పేజీ తెర మీద ఉండగానే, అందులోని ప్రోగ్రాము వెనకనుంచి సర్వరుతో మాట్లాడి జవాబు తెచ్చుకోగలదు. 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ దీన్ని బాగా వాడి చూపాయి. అదే 2005లో జెస్సీ జేమ్స్ గారెట్ అనే ఆయన ఈ పద్ధతికి 'ఏజాక్స్' అని పేరు పెట్టాడు. సిగ్నల్ సన్నగా వచ్చే కొండ ఊళ్లవారికి ఇది ఎంత మేలో వేరే చెప్పాలా? పేజీ అంతా రానక్కర్లేదు, నాలుగు ముక్కల జవాబు వస్తే చాలు.

అయితే పేజీ కదలనంత మాత్రాన భద్రత రాదు. ఈ సంగతి చాలామంది మరిచిపోతారు. నర్సీపట్నం నుంచి విశాఖపట్నానికి పోస్టుకార్డు రాస్తే దారిలో దాన్ని పట్టుకున్న ప్రతివారూ చదవగలరు. చప్పుడు చేయకుండా పంపినా పోస్టుకార్డు పోస్టుకార్డే. సీలు వేసిన కవరు కావాలి. చిరునామా మొదట్లో 'హెచ్‌టీటీపీఎస్' ఉంటే ఆ కవరు ఉన్నట్టు. అప్పుడు దారిలో పోయే అక్షరాలు గుప్తలిపిలోకి మారతాయి. కవరున్నా, పాస్‌వర్డును చిరునామాలో భాగంగా పంపకూడదు. చిరునామాలు బ్రౌజరు చరిత్రలోనూ, సర్వరు చిట్టాల్లోనూ మిగిలిపోతాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. పాస్‌వర్డు సరైనదో కాదో చూసేదెవరు? కొత్తగా ప్రోగ్రాములు రాసే పిల్లల పనిలో నాకు తరచు కనబడే పొరపాటు ఇక్కడే. బడి మార్కుల కోసం ఒక సైటు కడతారు. "పాస్‌వర్డు ఇదైతే లోపలి భాగం చూపించు" అని పేజీలోని జావాస్క్రిప్టులోనే రాస్తారు. కాని పేజీ ఉన్నది చూసేవాడి కంప్యూటరులో! రెండు మీటలు నొక్కితే ఆ ప్రోగ్రామంతా చదవవచ్చు. తరగతిలో అందరి మార్కులూ, అందరి ఫోన్ నంబర్లూ బయటపడినట్టే. అది గోడ మీద వేసిన తలుపు బొమ్మ, తలుపు కాదు. సరిచూడటం సర్వరులోనే జరగాలి. సరిచూసే దాకా లోపలి సమాచారం సర్వరు దాటి రాకూడదు.

మరి సర్వరు దగ్గర అందరి పాస్‌వర్డుల పట్టిక ఉండవలసిందేనా? 1960లలో అమెరికాలోని ఎంఐటీలో పలువురు కలిసి వాడుకునే కంప్యూటరు ఒకటి ఉండేది. దాన్ని తయారుచేసిన బృందానికి నాయకుడు ఫెర్నాండో కార్బాటో. అందులో పాస్‌వర్డులన్నీ ఒక ఫైలులో మామూలు అక్షరాల్లోనే ఉండేవి. 1962లో అలన్ షెర్ అనే పరిశోధకుడు, తనకిచ్చిన కంప్యూటరు సమయం చాలక, ఆ ఫైలును అచ్చు వేయించుకున్నాడు. కొన్నేళ్లకు ఇంకో వింత జరిగింది. నిర్వాహకులిద్దరు ఒకే సమయంలో రెండు ఫైళ్లు దిద్దుతుంటే అవి తారుమారయ్యాయి. ఆ మధ్యాహ్నం లోపలికి వచ్చిన ప్రతివారికీ రోజూ కనబడే ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డులూ కనబడ్డాయి!

దీనికి మందు మీ లెక్కల పుస్తకంలోనే ఉంది. 2741ని 97తో భాగించండి. శేషం 25. ఇప్పుడు 25 మాత్రమే చెప్పి మొదటి సంఖ్య ఏమిటని అడిగితే చెప్పగలరా? 25, 122, 219... ఏదైనా కావచ్చు. రుబ్బిన పిండి నుంచి మినుములు తిరిగి రావు కదా! సర్వరు పాస్‌వర్డును కాక, ఇలా రుబ్బిన 'హ్యాష్'ను దాచుకుంటుంది. మీరు మళ్లీ పాస్‌వర్డు ఇచ్చినప్పుడు దాన్నీ రుబ్బి, రెండు పిండులూ ఒకటేనా అని చూస్తుంది. అసలు హ్యాష్ మన శేషమంత తేలిక కాదు. అదే ఫలితాన్నిచ్చే మరో మాటను వెతకడం కూడా అసాధ్యమనేంత కష్టంగా ఉండాలి.

ఇద్దరు ఒకే పాస్‌వర్డు పెట్టుకుంటే? పిండీ ఒకటే అవుతుంది, గుట్టు బయటపడుతుంది. అందుకే ఒక్కొక్కరికి ఒక్కో చిటికెడు 'ఉప్పు' కలిపి రుబ్బుతారు. ఉప్పంటే ఆ మనిషి కోసం యాదృచ్ఛికంగా ఎంచిన కొన్ని అక్షరాలు. బెల్ ల్యాబ్స్‌కు చెందిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లోనే ఈ సంగతి వివరించారు. రుబ్బడం కావాలనే నెమ్మదిగా ఉండాలని కూడా అన్నారు. ఎందుకో లెక్క వేద్దాం. ఎనిమిది చిన్న ఇంగ్లీషు అక్షరాలతో సుమారు 20,882 కోట్ల పాస్‌వర్డులు కుదురుతాయి. హ్యాష్‌లు దొంగ చేతికి చిక్కాయనుకోండి. సెకనుకు 100 కోట్లు రుబ్బి చూడగలిగితే మూడున్నర నిమిషాల్లో అన్నీ అయిపోతాయి. ఒక్కొక్కటి రుబ్బడానికి సెకనులో పదోవంతు పట్టేలా చేస్తే? ఒక్క యంత్రానికి దాదాపు 660 ఏళ్లు! కాని జనం తరచు పెట్టుకునే లక్ష మాటల జాబితాలో మీ పాస్‌వర్డు ఉంటే, ఆ నెమ్మది యంత్రానికీ మూడు గంటలు చాలు. 2012లో లింక్డ్‌ఇన్ నుంచి 65 లక్షల దాకా హ్యాష్‌లు బయటపడ్డాయి. వాటిలో ఉప్పూ లేదు, నెమ్మదీ లేదు. చాలావాటిని త్వరగానే విప్పేశారు.

పాస్‌వర్డు సరిపోయింది. ఇక ప్రతి క్లిక్కుకూ మళ్లీ అడగాలా? ఆర్‌టీసీ బస్సు పాసు గుర్తు తెచ్చుకోండి. బడి ధ్రువపత్రం ఒకసారి చూపితే పాసు ఇస్తారు, తరవాత కండక్టరు పాసు మాత్రమే చూస్తాడు. సర్వరు కూడా ఎవరూ ఊహించలేని, 39 అంకెలంత పెద్ద సంఖ్యను పాసుగా ఇస్తుంది. బ్రౌజరు దాన్ని 'కుకీ'గా దాచుకుంటుంది. పాసు ఇచ్చేటప్పుడే సర్వరు మూడు షరతులు రాయాలి: సీలు కవరులోనే పంపు, పేజీలోని ప్రోగ్రాముకు చూపకు, వేరే సైటు పురమాయించిన పనికి దీన్ని జతచేయకు. రెండో షరతు చిన్నదిగా కనబడుతుంది గాని, ఎవరైనా మీ పేజీలోకి దొంగ ప్రోగ్రాము చొప్పిస్తే పాసును అపహరించకుండా ఆపేది అదే.

తప్పు పాస్‌వర్డు వచ్చినప్పుడు జవాబు ఎలా ఉండాలో కూడా ఆలోచించాలి. "ఆ పేరుతో ఎవరూ లేరు" అంటే, ఏ పేర్లు ఉన్నాయో దొంగకు మనమే చెప్పినట్టు. పేరు తప్పినా పాస్‌వర్డు తప్పినా జవాబు ఒకటే ఉండాలి. వరసగా తప్పులు వస్తుంటే జవాబివ్వడం నెమ్మది చేయాలి. నాలుగంకెల పిన్‌కు ఉన్నవి 10,000 అవకాశాలే!

లాగవుట్ దగ్గర చాలామంది బోల్తాపడతారు. తెర మీద పేరు తీసేసి పని అయిందనుకుంటారు. నెట్ సెంటరులో మీ తరవాత అదే కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. సర్వరు తన పుస్తకంలో ఆ పాసు నంబరును కొట్టివేయాలి. మీరు కట్టిన సైటులో ఇది పరీక్షించవచ్చు. లోపలికి వెళ్లి, బ్రౌజరులోని డెవలపర్ పరికరాలు తెరిచి కుకీలోని నంబరు కాగితం మీద రాసుకోండి. లాగవుట్ చేయండి. అదే నంబరును తిరిగి కుకీలో పెట్టి పేజీ అడగండి. సర్వరు మళ్లీ పాస్‌వర్డు అడిగితే సరే. మార్కులు చూపించిందా, ఆ పాసు ఇంకా రద్దు కాలేదన్నమాట.