పక్కన నిలబడ్డవాళ్లూ నటిస్తేనే!

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో నాటకాలు చూసే అలవాటున్నవారి కళ్లు డైలాగు చెప్పేవాళ్ల మీదే ఉండవు... పక్కన నిలబడి వినేవాళ్ల మీదికీ పోతాయి. వాళ్లు తేలిపోతే సన్నివేశమూ తేలిపోయినట్టే! 2023 డిసెంబరులో ప్రైమ్ వీడియోలో వచ్చిన 'దూత'కీ అదే పరీక్ష. విక్రమ్ కె.కుమార్ తీసిన ఎనిమిది భాగాల సిరీస్ ఇది. పేపరు ముక్కలో ఉన్నట్టే చావులు జరుగుతాయంటే ఎవరు నమ్ముతారు? చదువుతున్న నాగచైతన్య మొహంలో బెదురు, పోలీసు అధికారిగా పార్వతి తిరువోతు చూపులో అనుమానం... ఆ రెండూ కలిస్తేనే నమ్ముతాం. విశాఖలో అంత వానా అనిపిస్తుంది, అది వేరే సంగతి! చివర్లో కథను విడమరిచి చెప్పడం కాస్త ఎక్కువైంది. అక్కడ ఆదుకున్నది, చెన్నై కూత్తుపట్టరై నాటకబృందంలో రాటుదేలిన పశుపతి. పాతతరం పాత్రికేయుడిగా ఆయన కళ్లతోనే సగం చెప్పేశారు.