లేతు యంత్రము ఇల్లు చేరుట

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో సేద్యము చాలవరకు బోరుబావుల మీద నాధారపడి యున్నది. వేసవికాలములో ఒక మోటారు యొక్క బుష్షు అరిగిపోయి నీరు నిలిచెనేని, చెరకుతోట వాడిపోవుటకు వారము దినములు చాలును. అట్టి సమయమున రైతు మోటారును పైకి లాగించి, బండిపై వేసికొని, మొదట వెదకునది లేతు యంత్రము గల కొట్టును. చెరకు గానుగ ఇరుసు అరిగినను, ట్రాక్టరు చక్రపు పిన్ను విరిగినను అంతే. లోహమును గుండ్రముగను, కొలత తప్పకుండను కోయగల యంత్రము మరియొకటి లేదు.

ఇటీవలి కాలమున ఐ.టి.ఐ.లలో టర్నరు పని నేర్చిన యువకులును, రైల్వే కర్మశాలలలో పనిచేసి విశ్రాంతి పొందిన పెద్దలును తమ ఇండ్లలోనే చిన్న కర్మశాలలు పెట్టుకొనుచున్నారు. లేతు కొనుట వారికి సామాన్యమైన విషయము కాదు. అది పెక్కు సంవత్సరముల పొదుపుతోనో, బ్యాంకు అప్పుతోనో కూడిన పని. అయితే సొమ్ము చెల్లించినంత మాత్రమున మంచి లేతు మనదైనదని తలంపరాదు. అది లారీ నుండి దిగిన విధమును బట్టియు, నేలపై నిలిచిన విధమును బట్టియు దాని పనితనముండును. ఈ సంగతిని విద్యార్థులకును, తలిదండ్రులకును తెలియునట్లు వివరింపగోరుచున్నాము.

తరిమెన నుండి లేతు వరకు

లేతునకు మన భాషలో తరిమెన యను పేరు పూర్వమే కలదు. అంకుడుకర్రను తరిమెన పట్టి, లక్కరంగులద్ది ఏటికొప్పాక కళాకారులు చేయు బొమ్మలు లోకప్రసిద్ధములు. వాటికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. అచ్చట పనివాడు ఉలిని చేతితో పట్టుకొనును. కన్నును, చేతి నేర్పును కొలతలు. కర్రకు ఇది చాలును గాని ఉక్కునకు చాలదు. ఉలిని ఉక్కు ముక్కపై చేతితో నిలిపి, వెండ్రుకవాసి తేడా లేకుండ జానెడు దూరము నడుపుట మానవునకు సాధ్యము కాదు.

ఈ కష్టమును తీర్చినవారిలో ముఖ్యుడు ఆంగ్లేయుడైన హెన్రీ మాడ్‌స్లే. ఫ్రాన్సు దేశములో వోకాన్సన్ అంతకుముందే, 1751 ప్రాంతమున, ఇనుప లేతును నిర్మించి యుండెను. మాడ్‌స్లే 1797 మొదలు 1800 వరకు గల కాలమున లండనులో తన లేతును సిద్ధపరచెను. ఉలిని బిగించి నడుపు జారుడు పీట, దానిని సమముగా ముందుకు లాగు పొడవైన మరస్తంభము, ఆ వేగమును మార్చు పండ్లచక్రములు, ఈ మూడింటిని ఒక్క యంత్రమున చేర్చుటచే మరలను ఒకే తీరుగా కోయుటకు వీలైనది. ఆయన కర్మశాలలో పనిచేసిన జోసెఫ్ విట్‌వర్తు 1841లో మరలకు ఒక సమాన కొలతను ప్రతిపాదించెను. ఒక ఊరిలో కొన్న నట్టు మరియొక ఊరిలో కొన్న బోల్టునకు పట్టుచున్నదన్న, దాని వెనుక ఇట్టివారి శ్రమ కలదు.

మన దేశములో మైసూరు కిర్లోస్కరు కర్మాగారము 1941లో హరిహరమున వెలసి చాలకాలము లేతులు చేసినది. అది మూతపడినను దాని లేతులు ఇంకను పెక్కు కొట్లలో తిరుగుచున్నవి. హిందుస్థాన్ మెషిన్ టూల్సు 1953లో బెంగుళూరున స్థాపింపబడినది. ఇంటి కర్మశాలల కొరకే పేరుపొందినది ఇంగ్లండు దేశపు మైఫర్డ్ కంపెనీ 1946లో వెలువరించిన ఎం.ఎల్.7 అను చిన్న లేతు. ఈనాడు క్రొత్త లేతులు గుజరాతు, పంజాబు, కోయంబత్తూరు ప్రాంతముల నుండి వచ్చుచున్నవి.

రాకకు ముందు చేయవలసినవి

బెంగుళూరు నుండి వచ్చు లారీ కోలారు, ముళబాగలు, పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగి చిత్తూరు చేరును. కోయంబత్తూరు నుండి వచ్చునది సేలము, వేలూరుల మీదుగా వచ్చును. దారిలో ఎన్ని కుదుపులో! కావున పెట్టె తెరవకమునుపే పరీక్షింపవలసినది చాల కలదు. దానికన్న ముందు చూచుకొనవలసినది మన నేల.

మన ఇండ్లలో కడప బండలు పరచుట వాడుక. వాటి క్రింద తరచుగా ఇసుక మాత్రమే యుండును. నాలుగడుగుల సాధారణ లేతు నాలుగైదువందల కిలోగ్రాముల బరువుండవచ్చును. ఆ బరువంతయు నాలుగు పాదముల మీదనే నిలుచును. బండ పగులుటయో, ఒక మూల క్రుంగుటయో నిశ్చయము. కావున లేతు నిలుచు చోట బండలను లేపి, నేలను దిమ్మిస కొట్టి, అరయడుగు మందమున కాంక్రీటు పోసి, దినదినము తడుపుచు 28 దినములు ఆగవలెను. మేడమీద గదిలో నిలుపుట తగదు. వాకిలి వెడల్పును, మలుపులను ముందే దారముతో కొలుచుకొనవలెను. లారీ వాకిట నిలిచిన తరువాత ద్వారబంధమును పీకించిన గృహస్థులు లేకపోలేదు.

విద్యుత్తు మాటయు ముందే తేల్చుకొనవలెను. ఇంటిలోని సింగిల్ ఫేజు 230 వోల్టులు. త్రీ ఫేజు 415 వోల్టులు. ఒక హార్స్‌పవరు మోటారు, అనగా 746 వాట్లది, సింగిల్ ఫేజున నడచును. పెద్ద మోటారు తెప్పించి, పిదప కనెక్షను కొరకు తిరుగుట వృథాశ్రమ. ఎర్తు తీగ మంచిది కానిదే యంత్రమును ముట్టరాదు.

లారీ వచ్చిన దినము

లారీ వచ్చినపుడు తొందరపడి రసీదుపై సంతకము చేయరాదు. పెట్టె పగిలినదా, ఒకవైపు నలిగినదా, నీరు దిగినదా యని చుట్టును చూచి, లోపమున్నచో ఆ మాటను రసీదుపైననే వ్రాసి, ఛాయాచిత్రము తీసి, పిమ్మట సంతకము చేయవలెను. తరువాత ఆర్డరు పట్టికను చేత పట్టుకొని, మూడు దవడల చక్కు, నాలుగు దవడల చక్కు, ఫేసుప్లేటు, సెంటరులు, మార్పు చక్రములు, చక్కు తాళపుచెవి, పరీక్షాపత్రము, ఇవన్నియు వచ్చినవో లేదో ఒక్కొక్కటిగా సరిచూచుకొనవలెను.

దించుట మిక్కిలి జాగ్రత్త గల పని. పోత ఇనుము నీటికన్న ఏడురెట్లు బరువైనది. పైగా లేతు బరువు రెండు వైపుల సమానముగా నుండదు. చక్కు తిరుగు తలవైపుననే హెచ్చు. కావున ఉలిపీటను తోకవైపునకు జరిపి బిగించి, తూకము కుదుర్చుకొని ఎత్తవలెను. మోకును బెడ్డు క్రిందుగా వేయవలెను గాని, ముందున్న మరస్తంభమునకు తగులనీయరాదు. అది వంగెనేని లేతు మరలు కోయుటకు పనికిరాదు. చక్కును పట్టి ఎత్తుట అంతకన్న తప్పు. మా వీధులలో ఇప్పుడు హైడ్రా క్రేను పిలిపించుట వాడుకయైనది. క్రేను దూరని సందులలో మందమైన పలకలు వాలుగా వేసి, ఇనుప గొట్టములపై దొర్లించుచు, గడ్డపారలతో అంగుళమంగుళము జరుపుదురు. ఇట్టి పనికి ఒకే పెద్ద హమాలీ మాట చెల్లవలెను. ఆయన "నిదానమప్పా, నిదానము" అన్నపుడు ఇంటి యజమానుడును నోరు మూసికొనుటయే మేలు. వ్రేలాడు బరువు క్రిందికి ఎవరును పోరాదు. పిల్లలను అరుగు మీదనే నిలుపవలెను.

క్రొత్త యంత్రమునకు తుప్పు పట్టకుండ చిక్కని గ్రీజు పూసి పంపుదురు. దారి దుమ్మంతయు దానికే అంటుకొని యుండును. అట్లే ఉలిపీటను జరిపినచో ఆ దుమ్ము ఆకురాయివలె నునుపు దారులను గీకివేయును. కావున మొదట కిరసనాయిలులో తడిపిన గుడ్డతో అంతయు తుడిచి, పలుచని నూనె పూసి, అటుపిమ్మటనే జరుపవలెను. మన ప్రాంతమున కార్తీకమాసపు తుపాను వానలలో ఒక్క రాత్రిలోనే ఇనుము ఎఱ్ఱబారును. పని ముగిసిన ప్రతిదినము నూనెగుడ్డతో తుడుచుట ఆరంభము నుండియే అలవాటు కావలెను.

సమముగా నిలుపుట

ఇప్పుడు అన్నిటికన్న ముఖ్యమైన విషయము. పోత ఇనుము బండవలె కదలనిదని మనము తలంతుము. అది నిజము కాదు. నాలుగు పాదములలో ఒకటి కొంచెము ఎత్తుగా నున్నను, బోల్టులు బిగించినపుడు బెడ్డు తడిగుడ్డ పిండినట్లు స్వల్పముగా మెలితిరుగును. కంటికి కనబడదు, కాని అది కోసిన ప్రతి ముక్కలోను కనబడును.

విద్యార్థులు ఈ లెక్కను చూడవలెను. బెడ్డు వెడల్పు 150 మి.మీ. అనియు, బెడ్డు నుండి చక్కు నడిమి వరకు ఎత్తు 150 మి.మీ. అనియు అనుకొందము. తోక చివర బెడ్డు ముందంచు వెనుక అంచుకన్న 0.05 మి.మీ. లేచియున్నది. ఇది మన వ్రాత కాగితపు మందములో సుమారు సగము. ఉలిపీట ఆ చివరకు పోవునప్పటికి వెనుకకు ఒరగి, ఉలి 0.05 మి.మీ. పనిముక్కలోనికి హెచ్చుగా దిగును. ముక్క గుండ్రముగా తిరుగుచున్నది గనుక వ్యాసము దానికి రెండింతలు, అనగా 0.10 మి.మీ. తగ్గును. ఇరుసుపై బేరింగు కూర్చుండు చోట చెల్లు తేడా సాధారణముగా 0.01 లేక 0.02 మి.మీ. మాత్రమే. ఆ ఇరుసు మోటారులో వదులై అదరును, బేరింగు చెడును, రైతు మరల బోరు లాగింపవలసివచ్చును. కర్మశాలలోని అరకాగితపు మందము పొలములో ఇంత నష్టమునకు దారితీయును.

తాపీమేస్త్రీ వాడు లెవలు ఈ పనికి చాలదు. అది మీటరునకు అర మిల్లీమీటరు తేడాను చూపిన గొప్ప. మీటరునకు 0.02 మి.మీ. తేడాను చూపు సున్నితమైన లెవలును బెడ్డుకు అడ్డముగా నిలిపి, తలవైపున ఒకసారి, తోకవైపున ఒకసారి చూడవలెను. రెండుచోట్లను బుడగ ఒకే గీతపై నిలిచిన మెలిక లేదని అర్థము. లేనిచో తక్కువైన పాదము క్రింద పలుచని ఇత్తడి రేకులు పెట్టి, బోల్టు బిగించి, మరల చూడవలెను. ఒక సాయంకాలము చాలకపోవచ్చును, విసుగుకొనరాదు.

అట్టి లెవలు దొరకనివారికి మరియొక ఉపాయము కలదు. బొటనవ్రేలికన్న లావైన ఉక్కు కడ్డీని చక్కున బిగించి, జానెడు బయటికి వదలి, తోకవైపు ఊతమీయకుండ, చక్కు చెంత నొకటి, చివర నొకటి, రెండు గట్లు మిగులునట్లు నడుమ కోయవలెను. తరువాత ఉలిని కదల్పక, మిక్కిలి పలుచని కోతను రెండు గట్లపై ఒకేసారి నడిపి, మైక్రోమీటరుతో కొలువవలెను. తలభాగము సరిగా కూర్చబడియున్నచో, చివరి గట్టు చిన్నదైన తోకవైపు ముందు పాదమును దించవలెను; పెద్దదైన ఎత్తవలెను. రెండును సమానమైన దినము ఆ యంత్రము నిజముగా మన ఇల్లు చేరినదనవచ్చును. నేల సర్దుకొనును గనుక కొన్ని వారముల పిమ్మట మరల పరీక్షింపవలెను.

మొదటి తిరుగుడు

తలభాగములో గుర్తు వరకు నూనె యున్నదో లేదో చూచి, మిక్కిలి తక్కువ వేగమున ఖాళీగా త్రిప్పుచు బేరింగులు వేడెక్కుచున్నవేమో కనిపెట్టవలెను. త్రీ ఫేజు తీగలు తారుమారైన చక్కు వెనుకకు తిరుగును. మరతో బిగించు చక్కు అట్టి సమయమున ఊడి ఎగిరిపడుట కలదు. చక్కు తాళపుచెవిని అందులోనే మరచి స్విచ్చి వేయుట ప్రాణాపాయకరము. బిగించిన చేయి దానిని తీసిన తరువాతనే విడువవలెను. వ్రేలాడు పంచె, ఉత్తరీయము, పైట, జడ, చేతి గడియారము, ఉంగరము, ఇవి యంత్రము దాపునకు రారాదు. చేతితొడుగులును అపాయమే, తొడుగును పట్టిన చక్కు చేతిని విడువదు. ఇనుప రజనును చేతితో గాక బ్రష్షుతో తీయవలెను. కంటి అద్దములు తప్పవు. ఇంటిలో పిల్లలున్నచో మెయిన్ స్విచ్చికి తాళముండవలెను. ఈ మాట తలిదండ్రులకు ప్రత్యేకముగా విన్నవించుచున్నాము.

విద్యార్థులారా, లేతు తాను నిలిచిన తీరునే తాను కోసిన వస్తువునకు ఇచ్చును. మాడ్‌స్లే కాలము నుండి నేటివరకు ఈ ధర్మము మారలేదు. మీలో కొందరు ఐ.టి.ఐ.లకును, పాలిటెక్నికులకును పోవుదురు. కొందరు మీ ఇంటిలోనే ఒకనాడు ఇట్టి యంత్రమును నిలుపుదురు. నాడు మీ వాకిట మోటారుతో నిలుచు రైతు మీ యంత్రపు పేరును, వెలను అడుగడు. మీరు చేసిన బుష్షు వచ్చు వేసవి వరకు నిలుచునా యని మాత్రమే అడుగును. దానికి నిలుచునని ధైర్యముగా చెప్పగలుగుటకే ఈ శ్రమయంతయు.