టీకాలపై వదంతులు: యువజనులు తెలిసికొనదగిన విషయములు

రోగము ఒకరినుండి వేరొకరికి సంక్రమించునట్లే వదంతియు ఒకరి నోటినుండి వేరొకరి చెవికి ప్రాకును. పూర్వము వారపు సంతలో పుట్టిన పుకారు పొరుగు గ్రామములకు చేరుటకు కొన్ని దినములు పట్టెడిది. నేడు సెల్‌ఫోనులో వచ్చిన ఒక దృశ్యము ఒక్క సాయంకాలములో వేలమందిని భయపెట్టగలదు. అట్టి దృశ్యములను మొదట చూచువారును, ఇంటిలోని పెద్దలకు చూపువారును తరచుగా యువజనులే. కావున ఈ విషయమున వారు విశేషముగా వివేకము వహింపవలెను.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమందలి బస్తరు అడవులతో నిండిన ప్రదేశము. అచట గోండీ, హల్బీ, దోర్లీ మున్నగు భాషలు వాడుకలో నున్నవి. దక్షిణమున కోంటా, భోపాలపట్నము ప్రాంతములలో తెలుగు మాటాడువారును కలరు. 2021లో కోవిడ్ టీకాలు వేయునపుడు, టీకా వేసికొన్నవారు మరణింతురనియు, వారికి సంతానము కలుగదనియు దేశమున పెక్కుచోట్ల పుకార్లు పుట్టినవి. అవి ఈ ప్రాంతమునకును వచ్చినవి. సంతానమును గూర్చిన భయము వివాహము కావలసిన యువతీయువకులను మరింత కలవరపెట్టును. కాని పలుదేశములలో జరిగిన పరిశోధనలలో ఈ టీకాలవలన సంతానశక్తి తగ్గినట్లు కనబడలేదు.

టీకాలో రోగక్రిమియొక్క చచ్చిన రూపమో, బలహీనపరచిన రూపమో, లేక దానిలోని ఒక భాగమో ఉండును. శరీరము దానిని గుర్తించి, నిజమైన రోగమును ఎదిరించు శక్తిని ముందుగానే సిద్ధపరచుకొనును. ఆ సన్నాహములో ఒకటి రెండు దినములు జ్వరమును, చేతినొప్పియు కలుగవచ్చును. మిక్కిలి అరుదుగా తీవ్రమైన ఎలర్జీ కలుగవచ్చును. అందుకే టీకా వేసిన పిదప అరగంటసేపు అచటనే కూర్చుండుమందురు. ఈ సంగతులు ముందుగా చెప్పినచో జ్వరము వచ్చినవారు బెదరరు. దాచినచో ఆ జ్వరమే మరియొక పుకారునకు మూలమగును.

బస్తరుకు ఆనుకొనియున్న నాటి ఖమ్మం జిల్లాలో జరిగిన ఒక ఉదంతము ఇచట స్మరింపదగినది. గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించు హెచ్‌పీవీ టీకాను 2009లో భద్రాచలము మున్నగు మండలములలో 10 మొదలు 14 సంవత్సరముల వయస్సుగల సుమారు 14,000 మంది బాలికలకు వేసిరి. తరువాత కొందరు బాలికలు మరణించిరి. టీకాయే కారణమని వార్త వ్యాపించెను. 2010లో ఆ పథకము నిలిపివేయబడెను. ప్రభుత్వము నియమించిన సంఘము విచారింపగా నీట మునుగుట, పాముకాటు, పురుగుమందు త్రాగుట, మలేరియా వంటి కారణములు బయటపడినవి. ఆ మరణములకు టీకాతో సంబంధము ఉండుటకు అవకాశము మిక్కిలి తక్కువయని ఆ సంఘము అభిప్రాయపడెను.

అయినను ఆ పథకమున లోపములు లేకపోలేదు. పలువురు బాలికల విషయమున తల్లిదండ్రులకు బదులు వసతిగృహముల వార్డెనులే అనుమతిపత్రములపై సంతకములు చేసిరి. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము దీనిని తీవ్రముగా విమర్శించెను.

ఈ ఉదంతము రెండు పాఠములు నేర్పుచున్నది. ఒక సంగతి టీకాకు తరువాత జరిగినంతమాత్రమున టీకావలన జరిగినదని చెప్పరాదు. వేలమంది పిల్లలున్నచోట, టీకా వేసినను వేయకున్నను, ఏడాదిలో కొందరు జబ్బుపడుదురు. టీకా వేసికొన్నవారిలోను, వేసికొననివారిలోను ఆ జబ్బు ఎంతమందికి వచ్చినదో పోల్చి చూచినగాని నిజము తేలదు. ఇక రెండవది: ప్రజల భాషలో వివరించి, వారి సమ్మతి పొందకయే చేసిన మంచిపనియు అనుమానమునకు తావిచ్చును. కావున ఆరోగ్య కార్యకర్తలు సందేహించువారిని గద్దింపరాదు. గ్రామస్థులకు చిరపరిచితులైన మితానిన్‌ల ద్వారా విషయము తెలుపవలెను. సిరహాలు, గునియాలు మున్నగు పెద్దలతోను సఖ్యముగా మాటాడవలెను.

యువజనులు ఏదైన వార్త రాగానే ఈ ప్రశ్నలు వేసికొనవలెను: ఇది చెప్పినవారెవరు? ఊరు, తేదీ తెలిపిరా? దీనివలన వారికేమైన లాభము కలదా? సమాధానము దొరకనిచో ఆ వార్తను ఇతరులకు పంపక, మితానిన్‌నో, ఆరోగ్య కేంద్రమందలి వైద్యునో అడుగవలెను. అడుగుట మీ హక్కు. చెప్పుట వారి విధి.

ధనుర్వాతమునుండియు, కంఠసర్పినుండియు రక్షించు టీడీ టీకాను 10వ ఏటను, 16వ ఏటను ప్రభుత్వము ఉచితముగా వేయించుచున్నది. ధనుర్వాత క్రిమి మట్టిలో నివసించి గాయముద్వారా శరీరమున ప్రవేశించును. గొడ్డలితో కట్టెలు కొట్టువారికిని, ముండ్లబాటన నడచువారికిని ఈ ప్రమాదము నిత్యము ఉండును. ఈ రోగము మనిషినుండి మనిషికి అంటదు. కావున ఇరుగుపొరుగువారు వేసికొన్న టీకా మిమ్ము దీనినుండి కాపాడదు. మీరు వేసికొన్నదే మీకు రక్ష. మీ వయస్సునకు రావలసిన టీకా అందినదో లేదో నేడే విచారింపుడు.